ముక్కు నాది, నోరు ఆయనది

నిన్న సాయంత్రం ఐదూ నలభైకి బీరంగూడ దగ్గర వాహనాల వరుసలో చిక్కుకుని ఉండగా, దించి ఉంచిన కారు అద్దంలోంచి పండిన పనస వాసన లోపలికి వచ్చింది. రోడ్డు పక్కన తోపుడు బండి మీద సగానికి కోసిన పండు, పక్కన నూనె రాసిన కత్తి. ముందు లారీ పొగ, వెనక కంపెనీ బస్సు పొగ, పటాన్‌చెరు వైపు నుంచి ఎప్పుడూ వచ్చే పుల్లటి గాలి, వాటి మధ్య నుంచి ఆ వాసన విడిగా వచ్చింది. పైన తేనె, దాని కింద పులియబెట్టిన పిండి, అట్టడుగున ఎండలో కాగిన రబ్బరు గొట్టం. అలవాటు కొద్దీ దాన్ని మూడు ముక్కలు చేసి మనసులోనే అప్పగించాను. ఎవరికి అప్పగిస్తున్నానో గుర్తుకు వచ్చేలోగా వెనక బస్సు హారన్ కొట్టింది.

ఎల్లుండి ఉదయం నాకు హనోయ్ ప్రయాణం. ఆసియాలో నేను చూడబోయే పద్నాలుగో విదేశీ నగరం అది. పెట్టె సర్ది మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో రెండుసార్లు విప్పి మళ్లీ సర్దాను. నాకు ఒకచోట కాలు నిలవదని ఇంట్లోవాళ్లు అంటారు, అది నిజమే. తినడానికీ చూడడానికీ ఏ ఊళ్లు మంచివని స్నేహితులు అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాను: మొదట పెనాంగ్, తర్వాత బ్యాంకాక్, ఆ తర్వాత తైపే. పదమూడు చూసినవాడు చెప్పే వరుస కదా అని వాళ్లు రాసుకుంటారు. ఆ వరుస నాది కాదు, విఠల్ రెడ్డి సారుది. ఆయన జీవితంలో చూసిన విదేశీ నగరాలు ఆ మూడే.

1991లో గడ్డపోతారంలోని ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో రికార్డులు రాసే పనికి చేరాను. మాది సంగారెడ్డి బజారులో పప్పుల వ్యాపారం చేసే కుటుంబం. తేదీ వేయనిదే కాగితం మీద కలం పెట్టకూడదని మా నాన్న నేర్పాడు; పదిహేనో ఏట మొదలుపెట్టిన డైరీ నేటికీ ఆగలేదు. విఠల్ రెడ్డి సారు ఉత్పత్తి విభాగంలో షిఫ్టు ఇన్‌చార్జి. మంజీర ఒడ్డున ఒక ఊళ్లో ఆరెకరాల రైతు. పొద్దున పొలానికి నీళ్లు పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు స్కూటరు మీద వచ్చేవారు. నన్ను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. మొదటి రోజు నా కులవృత్తి అడిగి తెలుసుకున్నారు. ఆనాటి నుంచి నేను 'సేటు'నే.

ఫ్యాక్టరీలో ఆయన ముక్కుకు పెద్ద పేరు. రసాయనాలు మరిగించే ఉక్కు పాత్రను కడిగాక, లోపల మిగిలిన మడ్డి గీకడానికి ఒక మనిషి మూత తీసి దిగాలి. లోపల ద్రావకం ఆవిరి మిగిలి ఉంటే దిగినవాడు పైకి రాడు. ఆవిరిని కొలిచే మీటరు ఒకటి ఉండేది కానీ అది స్టోరు గది బీరువాలో ఉండేది. బీరువా తాళానికి ఇద్దరి సంతకాలు కావాలి. అందుకని అక్కడి ఆచారం వేరు. సారు మోకాళ్ల మీద కూర్చుని, మూత తీసిన రంధ్రం మీదికి వంగి, పది సెకన్లు కదలకుండా ఉండేవారు. తరువాత లేచి, "ఊఁ, దిగు యాదయ్యా" అనేవారు. నేను పుస్తకంలో సమయం వేసి 'వాసన లేదు' అని రాసేవాణ్ని, ఆయన సంతకం చేసేవారు. ఒకసారి నేను భయపడుతూ ఉంటే, దిగబోతున్న యాదయ్య నడుముకు తాడు బిగించుకుంటూ నవ్వాడు. "నువ్వెందుకు పరేషానైతవు సేటూ? సారు ముక్కు పెట్టిండంటే దేవుడు సంతకం పెట్టినట్టే."

1995 జూన్‌లో బ్యాంకాక్ కొనుగోలుదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. మేము పంపిన పొడి డ్రమ్ముల్లో ద్రావకం వాసన వస్తోందట. ఆ సరుకు వెళ్లిన వారం మా ప్రయోగశాలలో పరీక్ష యంత్రం మరమ్మతులో ఉంది. పొడి పూర్తిగా ఎండిందా లేదా అన్నది ముక్కుతోనే తేల్చారు. రికార్డులో నా చేతిరాతతో 'వాసన లేదు', కింద విఠల్ రెడ్డి సారు సంతకం. రాసినవాణ్నీ సంతకం చేసినవారినీ ఇద్దరినీ వెళ్లి చూసి రమ్మన్నారు.

నా మొదటి విదేశీ ప్రయాణం అది. ఉండబోయేది రెండున్నర రోజులు. పని పోను మిగిలే గంటలు లెక్కవేసి, చూడవలసిన చోట్లు పదకొండు ఎంచి, ఒక్కో చోటికి ఎన్ని నిమిషాలో పట్టిక గీశాను. మా అమ్మ సకినాలు, నువ్వుల పొడి, మామిడికాయ తొక్కు కట్టి ఇచ్చింది. విమానంలో సారు నా పట్టికను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంది సేటూ, షిఫ్టు చార్టా?"

"పదకొండు జాగలు సార్. జల్దీ జల్దీ తిరిగితే అన్నీ అయితయి."

"మనుషులు కూసొని తినే జాగ ఒక్కటన్న పెట్టినవా?"

పెట్టలేదు. శాకాహారినైన నాకు ఆ అవసరమే తోచలేదు.

కొనుగోలుదారు గిడ్డంగిలో మమ్మల్ని కలిసినామె యాభై దాటిన రసాయన శాస్త్రజ్ఞురాలు. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. ఒక డ్రమ్ము మూత తీయించి, లోపలి ప్లాస్టిక్ సంచి ముడి విప్పించింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. గోళ్ల రంగు తుడిచే మందు వాసన, సన్నగా, కాని నిస్సందేహంగా ముక్కుకు తగిలింది. సారు వంగి, సరిగ్గా పది సెకన్లు ఉండి, లేచారు. "నో స్మెల్, మేడం."

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. కంపెనీ పరువు కోసం సారు అబద్ధమాడుతున్నారని అనుకున్నాను. ఆయన అన్నాక నేను కాదనడమేమిటని కూడా అనుకున్నాను. "నో స్మెల్" అన్నాను.

ఆనాటి డైరీలో 'మూత తీసిన సమయం 11.20' అని ఉంది. దాని కింద ఒక గీత ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం సారు నా పట్టికను మడిచి తన జేబులో పెట్టుకున్నారు. కూరగాయల సంతకు తీసుకెళ్లి, బండి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, పొగలు కక్కే గిన్నె తెప్పించుకున్నారు. నేను నిలబడే గడియారం చూసుకుంటున్నాను. ఆయన ఒక గుక్క తాగి అడిగారు: "వాసన ఎట్లున్నది?"

"బాగున్నది సార్."

"బాగున్నది అనేది వాసన గాదు సేటూ. తప్పించుకునుడు."

అక్కడి నుంచి పడవలో నది దాటి, పింగాణీ ముక్కలు తాపడం చేసిన ఎత్తైన గోపురం దగ్గరికి వెళ్లాం. నా పట్టికలో దానికి ఇరవై ఐదు నిమిషాలు. సారు మెట్ల మీద చతికిలబడి ఒక్క చదరపు గజాన్నే ముప్పావు గంట చూశారు. నేను పైకెక్కి దిగి వచ్చేసరికి వేలు పెట్టి చూపించారు. "ఇవి పువ్వులనుకున్నవా? గిన్నెలు. ఇగో అంచు, ఇగో అడుగు. ఎవలో బువ్వ తిన్న గిన్నెలు పలగ్గొట్టి దేవునికి పెట్టిండ్రు." అంతవరకు నాకు పువ్వులే కనబడ్డాయి. ఆ తర్వాత గిన్నెలు తప్ప మరేమీ కనబడలేదు. అయినా మనసులో మాత్రం ఇరవై నిమిషాలు ఆలస్యమైందన్న గుబులే.

సాయంత్రం ఐదున్నరకు హోటల్ కింది హాలులో నేను కాచుకుని ఉండగా సారు వీధిలోంచి తెల్లటి డబ్బా పట్టుకుని హుషారుగా వచ్చారు. "సేటూ! పనసతొనలు దొరికినయి. ఒలిచే ఇచ్చిండు. ఇవి నీకు గూడ నడుస్తయి." ఇద్దరం లిఫ్టు ఎక్కాం. తలుపు మూసుకున్న మరుక్షణం లిఫ్టంతా కంపు నిండింది. కుళ్లిన ఉల్లిగడ్డ, విరిగిన పాలు, పెట్రోలు. మాతో ఎక్కిన ఇద్దరు ఆడవాళ్లు కొంగుల్లేక చేతులతో ముక్కులు మూసుకుని తర్వాతి అంతస్తులోనే దిగిపోయారు. సారు వాళ్ల వంక మర్యాదగా తల ఊపారు. మేము దిగేసరికి హోటల్ అమ్మాయి మెట్ల మీదుగా పరుగెత్తుకు వచ్చి, గోడ మీది రేకు చూపించింది: ముళ్ల పండు బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

సారు రేకునూ డబ్బానూ మార్చి మార్చి చూశారు. "పనస మీద గూడ కేసు పెట్టిండ్రా వీళ్లు?"

"అది పనస గాదు సార్. వేరే పండు. కంపు సార్..."

"ఏం కంపు?"

ఆ ప్రశ్నలో వేళాకోళం లేదు. నిజంగానే అడిగారు. డబ్బాను ముఖం దగ్గరికి తెచ్చుకుని, వంగి, పది సెకన్లు ఉన్నారు. పొద్దున డ్రమ్ము మీద చూసిన ముఖమే అది. మూత తీసిన ప్రతి పాత్ర మీద నాలుగేళ్లుగా చూసిన ముఖం కూడా అదే. ఆయన అబద్ధమాడలేదని నాకు అప్పుడు తెలిసింది. అంతకంటే పెద్ద సంగతి జరిగి ఉందని కూడా.

వీధిలోకి వచ్చి కాలిబాట గట్టు మీద కూర్చున్నాం. ఆయన ఒక తొన నోట్లో వేసుకున్నారు. "తియ్యగుంది, వెన్నలెక్క మెత్తగుంది. గదే తెలుస్తది నాకు. తీపి, పులుపు, ఉప్పు, కారం. ఇగ మిగిలిందంతా పోయింది."

"ఎన్నేండ్ల సంది సార్?"

"నాలుగు దాటె. ఫస్టు వాన వాసన పోయింది. పొలం తడిసింది, కండ్లకు కనపడ్డది, ముక్కుకు రాలే. జలుబు అనుకున్న. డాక్టరు గూడ జలుబే అన్నడు."

"మరి మూత తీసినప్పుడు సార్?"

"చూస్త. టార్చి వెలుగుల గాలి వణుకుతదా లేదా చూస్త. పక్కన నిలవడ్డోని కండ్లల్ల నీళ్లొస్తున్నయా చూస్త. ఈగ వాలుతదా చూస్త. ఇన్నేండ్లు తప్పు పోలే."

"ఈ సరుకుల పోయింది సార్," అన్నాను. ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆయన తొన గింజ డబ్బాలో వేసి నా వైపు తిరిగారు. తర్వాత అడిగారు: "పొద్దుగాల నువ్వు పట్టినవా?"

"పట్టిన సార్."

"మరి లేదని ఎందుకన్నవు?"

"మీరు లేదన్నరు గద సార్."

ఆయన డబ్బా మూసి కింద పెట్టారు. "యాదయ్య గూడ గట్లనే దిగుతడు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే తిరిగి గిడ్డంగికి వెళ్లాం. ఆ పెద్దామె ముందు నిలబడి సారు తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పారు: "మేడం, ఐ హావ్ నో నోస్. హీ హాజ్. ఆస్క్ హిమ్ ఎగైన్." ఆమె నన్ను మళ్లీ అడిగింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు, కోపగించలేదు. మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి చిన్న గిన్నెల్లో టీ పోసింది. సారు ఒక గుక్క తాగి నా వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు. తప్పించుకోకు."

టీ గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. "మల్లెపూల వాసన సార్. పొద్దున కట్టిన దండ గాదు, రాత్రంతా జడల ఉన్నది. దాని కింద... మా దుకాణంల కొత్త గోనెసంచి విప్పినప్పుడు వస్తది చూడుండ్రి, అది."

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఊఁ. ఇంక?"

తిరుగు విమానంలో నివేదిక రాశాను. తేదీలు, డ్రమ్ముల సంఖ్యలు, సమయాలు అన్నీ నింపాను. 'కారణం' అన్న గడి ఒక్కటి వదిలేశాను. సారు అది గమనించి ఎందుకని అడిగారు. పరీక్ష యంత్రం మరమ్మతులో ఉందని రాస్తానన్నాను. అది కూడా నిజమే కదా అన్నాను. సోమవారం ఆయన మళ్లీ షిఫ్టుకు వెళ్లాలి. నివేదికలో ఆ మాట పడితే ఆయన వెళ్లలేరు. పడకపోతే యాదయ్య దిగుతాడు. ఇది మా ఇద్దరికీ తెలుసు. పెన్ను ఆ గడి మీదికి తెచ్చాను.

"నిజమే గని, అసలు నిజం గాదు," అని సారు పెన్ను తీసుకున్నారు. 'వాసన చూసిన వ్యక్తికి నాలుగేళ్లుగా వాసన తెలియదు' అని తన వంకర అక్షరాలతో రాసి, సంతకం చేసి, తేదీ నన్ను వేయమన్నారు.

పది రోజుల్లో ఆయన్ను ఉత్పత్తి విభాగం నుంచి తప్పించారు. ఆ ఏడాది రావలసిన పదోన్నతి ఆయనకంటే చిన్నవాడికి వెళ్లింది. క్యాంటీన్‌లో కుర్రకారు ఊరుకోలేదు. "ముక్కు బ్యాంకాక్‌ల మరిచిపోయి వచ్చినవా సారూ?" అని ఒకడంటే, "అవునురా, నువ్వు పోతే తెస్తవా? నీకు రెండు ఉంటయి" అని నవ్వేవారు. యాదయ్య మాత్రం నెల రోజులు మాట్లాడలేదు. చివరికి ఒక మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాలుగేండ్లు నన్ను గుడ్డిగ దింపినవు సారూ."

"అవును యాదయ్యా," అన్నారు సారు. పక్కకు జరిగి చోటిచ్చారు. యాదయ్య ఆ బల్ల దగ్గరే కూర్చుని అన్నం తిన్నాడు. స్టోరు బీరువాలోని మీటరు అప్పటికే బయటికి వచ్చింది. పాత్రల పక్కన గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించారు. నేను రాసే పుస్తకంలో 'వాసన లేదు' అన్న మాట పోయి, అంకె వచ్చింది.

కళ్లున్న మనిషి ఊరికే కూర్చోవడం దేనికని యాజమాన్యం ఆయనకు కొనబోయే యంత్రాలనూ బయటి గిడ్డంగులనూ పరిశీలించే పని అప్పగించింది. రాయడానికి నేను. అలా 1997లో పెనాంగ్, 2000లో తైపే వెళ్లాం. మా మధ్య ఒప్పందం బ్యాంకాక్ నుంచే మొదలైంది. నేను మాంసం, చేప ముట్టను. ఆయన అన్నీ తింటారు కాని వాసన తెలియదు. "నీ ముక్కు, నా నోరు. ఇద్దరం కలిస్తే ఒక్క మనిషి బువ్వ తిన్నట్టు సేటూ," అనేవారు.

పెనాంగ్‌లో కొండ రైలుకు ఇరవై నిమిషాల వ్యవధి ఉండగా ఆయన చేపల పులుసులో ముంచిన సేమ్యా గిన్నె ముందు కూర్చున్నారు. నా కాళ్లు ఆగడం లేదు. అయినా మాట ఇచ్చాను కనుక ముక్కు దగ్గరికి పెట్టుకుని చెప్పాను: "మంజీరల నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు వాసన సార్. దాంట్ల చింతపండు కొత్త కుండల నానేసినట్టు. పైన పుదీన." ఆయన చెంచా అలాగే పట్టుకుని ఉండిపోయారు. "మా అవ్వ చేపల పులుసు," అన్నారు మెల్లగా. ఒక్క గిన్నెకు గంటా పది నిమిషాలు పట్టింది. రైలు వెళ్లిపోయింది. పెనాంగ్ మొదటి స్థానంలో ఉండడానికి కారణం ఆ గిన్నె.

తైపేలో మాత్రం ఆయన నా మీద కసి తీర్చుకున్నారు. ఊరబెట్టి వేయించిన సోయా జున్ను అమ్మే బండి ముందు నుంచి నేను పారిపోతుంటే చొక్కా పట్టి లాగారు. "ఇది శాకమే! ఇగ నీకు సాకు లేదు." ఎలా ఉందో చెప్పమన్నారు. వానాకాలం పశువుల కొట్టం, మూటగట్టిన తడి చెప్పులు, మా ఫ్యాక్టరీ వెనక కాలువ అని వరుసగా చెప్పాను. ఆయన కరకరమని నములుతూ, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతూ, "నాకు మాత్రం గారె లెక్కనే ఉన్నది" అన్నారు. ఆ రోజు ఆ బండి ముందు నిశ్చింతగా నిలబడి తిన్న పరదేశి ఆయనొక్కరే.

2006 ఫిబ్రవరిలో సారు పోయారు. ఆ తర్వాత నేను ఫ్యాక్టరీ మారాను, అమీన్‌పూర్‌లో ఫ్లాటు కొన్నాను, ఇంకా చాలా ఊళ్లు తిరిగాను. ప్రతి డైరీలోనూ ఎడమ పేజీలో వేళలు, దూరాలు, ఎక్కిన మెట్ల సంఖ్య. కుడి పేజీ వాసనలకు. ఎడమ పేజీ నాది. కుడి పేజీ రాయడానికి కూర్చున్నప్పుడే నా కాళ్లు నిలుస్తాయి. 1995 జూన్‌లోని ఆ ఖాళీ గీతను మాత్రం ఈనాటికీ నింపలేదు. ఇప్పుడు నింపితే అది ఆనాటి తేదీ కింద అబద్ధమవుతుంది.

నిన్న సాయంత్రం కారు పక్కకు తీసి ఆ బండి దగ్గరికి నడిచాను. అమ్మే ఆమె ఒక తొన కోసి చేతిలో పెట్టింది.

"ఎట్లున్నది సారూ?"

'బాగున్నది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, తేనె నుంచి మొదలుపెట్టి చెప్పసాగాను. పులిసిన పిండి దాటి రబ్బరు గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఆమె కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఓ అయ్యా, కిలో ఇయ్యాల్నా, అర్ధకిలోనా? గది చెప్పు జెర."

అర్ధకిలో తీసుకున్నాను. కారులో కూర్చుని, వెనక ఎవరు హారన్ కొట్టినా కదలకుండా, డైరీలో కుడి పేజీ తెరిచాను. పైన తేదీ వేశాను. కింద రాశాను: 'సార్, పనస. ఇది పనసే.'